ఎమ్‌టీఎమ్ పిల్లికూన: ఒకే నిర్మాణ సంస్థ లోగో ఒక్కో ధారావాహికలో ఒక్కో వేషంలో ఎందుకు కనిపిస్తుంది?

ప్రశ్న అడిగినవారు: తెరచివర

అందరికీ నమస్కారం. కొంతకాలంగా అమెరికా టెలివిజన్ పాత ధారావాహికలను డీవీడీల మీద చూస్తున్నాను. ప్రతి భాగం చివర టైటిల్స్ అయిపోయాక కొద్ది క్షణాల పాటు నిర్మాణ సంస్థ లోగో వస్తుంది కదా, ఎమ్‌టీఎమ్ ఎంటర్‌ప్రైజెస్ వారి విషయంలో అది గుండ్రటి చట్రంలోంచి మనవైపు చూసి మ్యావ్‌మనే నారింజరంగు పిల్లికూన. 'మేరీ టైలర్ మూర్ షో'లో ఆ పిల్లికి ఏ అలంకారమూ లేదు. 'హిల్ స్ట్రీట్ బ్లూస్'కు వచ్చేసరికి పోలీసు టోపీ పెట్టుకుంది. 'రెమింగ్టన్ స్టీల్'లో షెర్లాక్ హోమ్స్ తరహా టోపీతో, నోట్లో పైపుతో ప్రత్యక్షమైంది. మ్యావ్‌మనగానే ఆ పైపు జారి కింద పడుతుంది. ఏ సంస్థయినా తన గుర్తు ఎక్కడ చూసినా ఒకేలా ఉండాలని కోరుకుంటుంది గనుక, వీరు దానికి వేషాలు ఎందుకు వేశారో తెలుసుకోవాలని ఉంది.

ఇంకొక సందేహం కూడా ఉంది. ఒకే ధారావాహిక వేర్వేరు ప్రతులలో పిల్లి తరువాత వేర్వేరు లోగోలు కనిపిస్తున్నాయి. ఒకదానిలో పెద్ద 'వీ' అక్షరం మీదికి దూసుకొస్తుంది, మరొకదానిలో ట్వంటీయత్ సెంచరీ ఫాక్స్ వారి గుర్తు వస్తుంది. వీటిలో మొదటి ప్రసారానికి చెందినది ఏది, తరువాత అతికించినది ఏది?

సమాధానం: పాతరీలు

తెరచివర గారూ, మీ మొదటి ప్రశ్నకు నాకు తెలిసినంత వివరంగా రాస్తాను, రెండవదానికి వ్యాపార వ్యవహారాలు బాగా తెలిసినవారు ఎవరైనా చెబుతారు.

ఈ పిల్లి పుట్టుకే ఒక పరాచికం. నటి మేరీ టైలర్ మూర్, ఆమె అప్పటి భర్త గ్రాంట్ టింకర్ కలిసి 1969లో ఈ సంస్థను స్థాపించి, ఆమె పేరులోని మూడు పొడి అక్షరాలనే సంస్థకు పెట్టుకున్నారు. ఎమ్‌టీఎమ్ అనగానే హాలీవుడ్‌లో ఎవరికైనా ఎమ్‌జీఎమ్ గుర్తుకు రాక మానదు. ఆ ఎమ్‌జీఎమ్ సింహానికి అప్పటికే పెద్ద చరిత్ర ఉంది. హోవర్డ్ డీట్స్ అనే ప్రచార నిపుణుడు గోల్డ్‌విన్ పిక్చర్స్ కోసం రూపొందించిన సింహం గుర్తు, 1924లో మూడు సంస్థలు కలిసి ఎమ్‌జీఎమ్‌గా ఏర్పడినప్పుడు కొత్త సంస్థకు సంక్రమించింది, 1928 నుంచి దాని గర్జన ప్రేక్షకులకు వినిపించసాగింది. అంతటి సింహం కూర్చునే చట్రం లాంటి దానిలో, చేతిలో ఒకే ఒక్క ధారావాహిక ఉన్న చిన్న సంస్థ ఒక పిల్లికూనను కూర్చోబెట్టింది. 1970 సెప్టెంబరు 19న సీబీఎస్ నెట్‌వర్క్‌లో 'మేరీ టైలర్ మూర్ షో' మొదలైనప్పుడు దాని చివర వినిపించిన మ్యావ్ వెనుక ఉన్న హాస్యం ఇదే.

ఆ పిల్లి పేరు మిమ్సీ. దిక్కులేని జంతువులను చేరదీసే శాల నుంచి దానిని తెచ్చారు. కెమెరా ముందు అది అరవనని మొండికేసి ఆవలించడంతో, ఆ ఆవలింతను వెనక్కి తిప్పి, పైన పిల్లి అరుపును కలిపారని ఈ లోగో గురించి రాసినవారు చెబుతుంటారు. తెలిసి చూస్తే నోరు కదిలే తీరుకూ అరుపుకూ పూర్తిగా పొంతన కుదరదు, నాకైతే దాని అందం అంతా అందులోనే ఉందనిపిస్తుంది.

వేషాల సంగతికి వస్తే, 1970లలో సంస్థ ఎక్కువగా హాస్య ధారావాహికలనే తీసింది గనుక మామూలు పిల్లి సరిపోయింది. 1970ల చివర గంట నిడివి గల నాటకీయ ధారావాహికల వైపు మళ్ళాక పరిస్థితి మారింది. 'ది వైట్ షాడో' ఒక పాఠశాల బాస్కెట్‌బాల్ జట్టు కథ కాబట్టి పిల్లికి బంతి దొరికింది. 1981లో మొదలైన 'హిల్ స్ట్రీట్ బ్లూస్' పోలీసు స్టేషను కథ, 1982లో వచ్చిన 'సెయింట్ ఎల్స్‌వేర్' బోస్టన్‌లోని ఆసుపత్రి కథ. మొదటిదానిలో పోలీసు టోపీ, రెండవదానిలో ఆపరేషన్ గదిలో వైద్యులు కట్టుకునే మాస్కు. 'న్యూహార్ట్' అనే హాస్య ధారావాహికలో అసలు పిల్లి గొంతే మార్చేశారు: కథానాయకుడు బాబ్ న్యూహార్ట్ ఏ భావమూ లేని తన సహజ ధోరణిలో "మ్యావ్" అంటాడు.

ఈ ఆట పతాకస్థాయికి చేరింది మాత్రం 1988 మే 25న ప్రసారమైన 'సెయింట్ ఎల్స్‌వేర్' ఆఖరి భాగంలో. ఆ రోజు పిల్లి చివర్లో కొద్ది క్షణాలు కనిపించి పోలేదు. ముగింపు టైటిల్స్ నడుస్తున్నంతసేపూ మిమ్సీ ఒక పక్కన ఒరిగి, సెలైన్ గొట్టాలతో, గుండె చప్పుడును చూపే యంత్రంతో రోగిలా పడుకుని ఉంటుంది. పేర్లు పూర్తయ్యే వేళకు యంత్రంలోని గీత చదునైపోతుంది, ఆగకుండా మోగే ఒకే స్వరం మిగులుతుంది. ఆరేళ్ళు నడిచిన ధారావాహిక ముగిసిందన్న మాటను రచయితలు సంభాషణలో చెప్పకుండా సంస్థ లోగో చేత చెప్పించారు. కొందరు ప్రేక్షకులకు ఇది క్రూరంగా తోచింది, నాకూ మొదటిసారి చూసినప్పుడు మనసు చివుక్కుమంది. నిజమైన మిమ్సీ కూడా సుమారు ఇరవై ఏళ్ళు బతికి అదే 1988లో చనిపోయింది.

సమాధానం: హక్కులపత్రం

పాతరీలు గారు చెప్పిన దానికి కొనసాగింపుగా రెండవ ప్రశ్నకు నేను సమాధానం ఇస్తాను, ఎందుకంటే ఆ 'వీ' అక్షరం కథ వేషాల కథకంటే ఏమీ తక్కువది కాదు.

అమెరికాలో ఒక ధారావాహికకు ఇద్దరు యజమానులు ఎదురవుతారు: దానిని తీసినవారు ఒకరు, నెట్‌వర్క్‌లో మొదటి ప్రసారం అయ్యాక ఊరూరా ఉన్న స్థానిక స్టేషన్లకు దాని పునఃప్రసారాలను అమ్మేవారు మరొకరు. ఈ రెండవ వ్యాపారాన్ని సిండికేషన్ అంటారు, అసలు లాభం అందులోనే ఉంటుంది. నిర్మాతల నుంచి నెట్‌వర్క్‌లు లాభాల్లో వాటాలు తీసుకోకూడదనీ, దేశంలో సిండికేషన్ వ్యాపారం చేయకూడదనీ 1970లో ప్రసార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ నిబంధనలు తెచ్చింది. దాంతో సీబీఎస్ తన పంపిణీ విభాగాన్ని వేరు చేయవలసి వచ్చింది, అదే 1971లో స్వతంత్ర సంస్థగా నిలబడిన వయాకామ్. ఎమ్‌టీఎమ్ తొలి ధారావాహికలైన 'మేరీ టైలర్ మూర్ షో', 'బాబ్ న్యూహార్ట్ షో'ల పునఃప్రసార పంపిణీ వయాకామ్ చేతికి వెళ్ళింది. కనుక మీరు చూసిన 'వీ' అక్షరం, స్థానిక స్టేషన్లకు పంపిన ప్రతులలో పిల్లి తరువాత చేర్చిన పంపిణీదారు ముద్ర. 1976లో వచ్చిన ఆ లోగోను, వెనుక మోగే ఎలక్ట్రానిక్ సంగీతంతో సహా, చిన్నప్పుడు చూసి జడుసుకున్న తరం అమెరికాలో ఒకటుంది. లోగోలు సేకరించేవారు దానికి 'వినాశనపు వీ' అని ముద్దుపేరు కూడా పెట్టారు.

ఇక ఫాక్స్ గుర్తు రావడానికి యాజమాన్యం చేతులు మారడమే కారణం. 1981లో గ్రాంట్ టింకర్ ఎన్‌బీసీ నెట్‌వర్క్ అధిపతిగా వెళ్ళిపోయాడు. 1988లో ఎమ్‌టీఎమ్‌ను టీవీఎస్ కొన్నది. (మన మోటారుసైకిళ్ళ టీవీఎస్ కాదు, దక్షిణ ఇంగ్లండులో ఐటీవీ అనే బ్రిటిష్ వాణిజ్య చానల్ ప్రసారాలు నడిపిన టెలివిజన్ సౌత్ అనే సంస్థ.) ఆ సంస్థ 1991 వేలంలో తన ప్రసార హక్కును పోగొట్టుకుని 1992 డిసెంబరు 31తో ప్రసారాలు ముగించింది, మరుసటి సంవత్సరం ఇంటర్నేషనల్ ఫ్యామిలీ ఎంటర్‌టైన్‌మెంట్ దానిని కొన్నది. 1997లో ఆ సంస్థ కూడా ఫాక్స్‌కు యజమాని అయిన రూపర్ట్ మర్డోక్ న్యూస్ కార్పొరేషన్ కుటుంబంలో కలవడంతో ఎమ్‌టీఎమ్ ధారావాహికలన్నీ ఫాక్స్ గ్రంథాలయంలోకి చేరాయి. 2019 మార్చిలో ఫాక్స్ ఆస్తులను డిస్నీ తీసుకున్నాక అవి ఇప్పుడు డిస్నీవి. అంటే ఫాక్స్ గుర్తు ఉన్న ప్రతి 1997 తరువాత తయారైనది, అంతకు ముందు ప్రసారాలలో అది ఉండే అవకాశమే లేదు.

సమాధానం: ఎస్‌అక్షరం

పై ఇద్దరూ చక్కగా రాశారు. అయితే వేషాలకు కారణం ఆయా ధారావాహికల నేపథ్యమే అనుకుంటే సగం విషయమే చెప్పినట్టవుతుందని నా అభిప్రాయం. పోలీసు కథలు, ఆసుపత్రి కథలు తీసిన సంస్థలు ఇంకా ఎన్నో ఉన్నాయి, వారెవరూ తమ లోగోను రచయితల చేతికి ఇవ్వలేదు.

ఉదాహరణకు కొలంబియా పిక్చర్స్ వారి టెలివిజన్ విభాగమైన స్క్రీన్ జెమ్స్‌ను చూడండి. 1965లో వారు ప్రవేశపెట్టిన లోగోలో పసుపు నేపథ్యం మీద ఎర్రటి గీతలు ఒక చుక్క చుట్టూ చేరి 'ఎస్' అక్షరంగా ఏర్పడతాయి, ఎరిక్ సిడే కూర్చిన ఎలక్ట్రానిక్ స్వరాలు దానికి తోడు. 'బివిచ్డ్' వంటి మంత్రగత్తె హాస్యకథ చివరా అదే, 'ది మంకీస్' వంటి సంగీత హాస్యం చివరా అదే. 1974లో సంస్థ పేరు కొలంబియా పిక్చర్స్ టెలివిజన్‌గా మారేవరకూ ఆ ముద్ర కదలలేదు. నవ్వించే కథ ముగియగానే ఆ విచిత్ర ధ్వని రావడం పిల్లలను ఎంత భయపెట్టిందంటే, ఆ భయం మీదే 2010లో రాడ్నీ ఆషర్ ఒక లఘు డాక్యుమెంటరీ తీశాడు. స్క్రీన్ జెమ్స్ ముద్ర పెద్ద స్టూడియో ముద్ర. ఎవరు రాసినా, ఎవరు నటించినా సరుకు మాదేనని చెప్పడం దాని పని.

ఎమ్‌టీఎమ్ పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. మంచి రచయితలను తీసుకుని, నెట్‌వర్క్ అధికారుల జోక్యం వారి మీద పడకుండా అడ్డు నిలవడమే తన పని అని గ్రాంట్ టింకర్ భావించాడు. ఆ స్వేచ్ఛ కథలతో ఆగక చివరి కొద్ది క్షణాల వరకూ పాకింది. ఆసుపత్రి కథ రాసినవారు తమ పిల్లికి తామే మరణం రాసుకోగలిగారంటే, అడిగి కాదనేవారు పైన లేకపోవడమే కారణం. ఏ పెద్ద స్టూడియో న్యాయ విభాగమైనా తన వ్యాపార చిహ్నాన్ని తెర మీద చావనిస్తుందా?

ఇదే తరహా చొరవ తరువాత వ్యక్తుల సొంత లోగోలలో కనిపిస్తుంది. 1982లో మొదలైన 'ఫ్యామిలీ టైస్' నిర్మాత గ్యారీ డేవిడ్ గోల్డ్‌బర్గ్ తన కుక్క ఊబూ ఫోటోను పెట్టి, "కూర్చో ఊబూ, కూర్చో, మంచి కుక్కవి" అని తన గొంతుతోనే పలికాడు. పక్కనే ఒక మొరుగు వినిపిస్తుంది. 'ది ఎక్స్ ఫైల్స్' సృష్టికర్త క్రిస్ కార్టర్ తన పుట్టినరోజైన అక్టోబరు 13ను సంస్థ పేరుగా పెట్టుకున్నాడు, దాని లోగోలో ఒక పిల్లవాడు "ఇది నేనే చేశాను" అంటాడు. చక్ లోరీ 1997 నుంచి నిమిషాల తరబడి చదవవలసిన వ్యాసాన్ని ఒక్క క్షణం చూపించి, వీసీఆర్ ఆపగలిగినవారికే దానిని వదిలేశాడు.

అయితే నెట్‌వర్క్‌లు ఈ చివరి క్షణాల మీద కన్నేశాయి. టైటిల్స్ రాగానే ప్రేక్షకులు చానల్ మారుస్తున్నారని 1994లో ఎన్‌బీసీ టైటిల్స్‌ను తెరలో ఒక వారకు నొక్కేసి, మిగతా చోట తరువాతి కార్యక్రమాల ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది, మిగిలినవారు అదే బాట పట్టారు. నా దృష్టిలో ధారావాహిక లోగోలకు అంతకంటే పెద్ద దెబ్బ మరొకటి లేదు.

ప్రశ్న అడిగినవారు: తెరచివర

అందరికీ కృతజ్ఞతలు. ఎస్‌అక్షరం గారి వాదన నాకు ఎక్కువ సబబుగా తోస్తున్నది. ఒక చిన్న అనుబంధ ప్రశ్న: ఫాక్స్, వయాకామ్ వంటి పేరు కనిపిస్తే కాలం తెలిసిపోతుంది, సరే. కానీ పిల్లి ఉండి కూడా అది ఆ భాగానికి చెందిన పిల్లేనా, మరొక చోటి నుంచి తెచ్చి అతికించినదా అని ఎలా గుర్తుపట్టాలి?

సమాధానం: పాతరీలు

ముందు చెవితో పరీక్షించండి. కొత్త లోగోను పాత లోగో మీద అతికించినప్పుడు బొమ్మను మార్చి ధ్వనిని వదిలేసిన సందర్భాలు ఉంటాయి, అప్పుడు ఒక సంస్థ గుర్తు కనిపిస్తుండగా మరొక సంస్థ సంగీతపు తోక వినిపిస్తుంది. ధ్వనిని కూడా మార్చిన చోట టైటిల్స్ సంగీతం చివరి స్వరం పూర్తికాకుండానే తెగిపోతుంది. తరువాత కంటితో చూడండి. ఫిల్ము మీద తీసిన అసలు లోగోకు టైటిల్స్‌లో ఉన్న గరుకుదనం, దుమ్ము చుక్కలు, స్వల్పమైన కదలిక ఉంటాయి, తరువాత వీడియోలో చేర్చినది ఒక్కసారిగా శుభ్రంగా, నిశ్చలంగా కనిపిస్తుంది.

పరీక్షకు ఒక మంచి భాగం చెబుతాను: 'న్యూహార్ట్' ఆఖరి భాగం, 1990 మే 21న ప్రసారమైనది. ఎనిమిదేళ్ళ పాటు నోరు విప్పని డారిల్ సోదరులిద్దరూ ఆ భాగంలో మొదటిసారి మాట్లాడతారు, తమ భార్యల మీద "నిశ్శబ్దం!" అని అరుస్తారు. చివర పిల్లి నోరు తెరిచినప్పుడు కూడా మ్యావ్‌కు బదులు ఆ అరుపే వినిపించాలి. మీ ప్రతిలో మామూలు మ్యావ్ వినిపిస్తే ఆ పిల్లి వేరే చోటిది.