అప్‌డేట్: ఫ్లోరిన్ బంధం పొట్టిదైనా బలహీనం ఎందుకో తెలిసింది

ఆవర్తన పట్టికలోని గ్రూపులో (నిలువు వరుసలో) కిందికి వెళ్లేకొద్దీ బంధ దైర్ఘ్యం పెరిగి బంధం బలహీనపడాలి కదా, మరి రెండు ఫ్లోరిన్ పరమాణువుల మధ్య 142 పికోమీటర్ల (పికోమీటర్ అంటే మీటరులో లక్ష కోట్ల వంతు) బంధాన్ని తెంచడానికి మోల్‌కు సుమారు 158 కిలోజౌళ్లు చాలితే, 199 పికోమీటర్ల క్లోరిన్ బంధానికి 242 ఎందుకు కావాలని ఇదివరకు అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

హైడ్రోజన్ హాలైడ్లతో (ఫ్లోరిన్, క్లోరిన్, బ్రోమిన్, అయొడిన్‌లతో హైడ్రోజన్ ఏర్పరిచే సమ్మేళనాలతో) పోల్చి చూడమన్న సలహాయే దారి చూపింది. హైడ్రోజన్ ఫ్లోరైడ్ నుంచి అయొడైడ్ వరకు దైర్ఘ్యం 92, 127, 141, 161 పికోమీటర్లుగా పెరుగుతుండగా, బంధ శక్తి (బంధాన్ని తెంచడానికి కావలసిన శక్తి) ఎక్కడా తడబడకుండా తగ్గుతూ వచ్చింది. అంటే ధోరణి సరైనదే. తేడా ఫ్లోరిన్ అణువులోనే ఉంది. పరమాణువులు మరీ చిన్నవి కావడంతో, ఒక్కొక్కదానిపై ఉన్న బంధంలో పాల్గొనని మూడేసి ఒంటరి ఎలక్ట్రాన్ జంటలు అంత దగ్గరలో ఒకదానినొకటి బలంగా వికర్షించుకుంటాయని మా అధ్యాపకులు బొమ్మ గీసి వివరించారు. హైడ్రోజన్‌కు ఒంటరి జంటలే లేవు కనుక హైడ్రోజన్ ఫ్లోరైడ్‌లో ఈ చిక్కు రాదు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లోని ఆక్సిజన్–ఆక్సిజన్ ఏక బంధం బలహీనతకూ ఇదే కారణమట.

ఋణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను పరమాణువు తనవైపు లాక్కునే సామర్థ్యం) తేడా గురించిన చర్చ ఇక్కడ వర్తించలేదు, ఎందుకంటే బంధంలోని రెండూ ఒకే మూలకపు పరమాణువులు. ఈ విలువలిచ్చిన పట్టికలో అచ్చుతప్పు ఉందన్న నా అనుమానం కూడా వట్టిదే.