కారల్లుమా: తెలుగు మాటా, అరబ్బీ మాటా?

గుట్టదారి (కళ్యాణదుర్గం):
గుట్టల్లో ఆకుల్లేని కాడలుగా మొలిచే మొక్క, మన కుందేటి కొమ్ములు. దానికి శాస్త్రంలో పేరు కారల్లుమా. మొన్న ఒక మొక్కల ప్రదర్శనలో దాని కుండీ పక్కన అట్ట పెట్టినారు, ఇది అరబ్బీ మాట, ‘మాంసంలో పుండు’ అని అర్థం అని. పువ్వు కంపు కొడుతుంది కాబట్టి ఆ పేరంట. నాకు మనసొప్పలేదు. మొక్కల శాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమాండల్ తీరపు మొక్కల మీద వేసిన పుస్తకంలో దీన్ని స్టేపీలియా అడ్‌సెండెన్స్ అన్నాడు. తెలుగువాళ్లు ‘కార్-అల్లం’ అంటారని కూడా రాసినాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అనే ఇంకో మొక్కల శాస్త్రవేత్త కారల్లుమా అనే ప్రజాతిని (దగ్గరి మొక్కల గుంపును) కట్టింది ఈ మొక్కతోనే. (మన కడప బ్రౌన్ దొర కాదు, ఈయన వేరే.) తెలుగు మాట ప్రపంచమంతా తిరుగుతుంటే మన ఊర్లోనే దాన్ని అరబ్బీ అని రాస్తే ఎట్లా?

ఎర్రమల (బనగానపల్లె):
అన్నా, తొందరపడొద్దు. మందుల చెట్లు తెలిసినవాళ్లను అడుగు, కారల్లం అంటే అడవి అల్లం అంటారు. దానికి దుంప ఉంటుంది, ఘాటు ఉంటుంది. కుందేటి కొమ్ములకు రెండూ లేవు. ఆ రాక్స్‌బర్గ్ దొరకు ఎవరో ఒక మొక్క చూపించి ఇంకో దాని పేరు చెప్పింటారు. ఈ జాతి చెట్లు ఆఫ్రికాలో, అరేబియాలో కూడా ఉన్నాయి. కంపుకు అరబ్బీ అర్థమే అతుకుతుంది. మనది అనిపించినంత మాత్రాన మనదై పోదు.

గుట్టదారి:
తమ్ముడూ, చెప్పినవాడు తప్పే చెప్పినాడనుకో. అయినా ఆ మాట వచ్చింది తెలుగువాడి నోట్లోంచే కదా! బ్రౌన్ ముందర ఉన్నది అరేబియా చెట్టు కాదు, రాక్స్‌బర్గ్ రాసిన మన చెట్టు. శబ్దం కలిసింది కదా అని అరబ్బీని తర్వాత అతికించినారనేది నా నమ్మకం.
ఇంకొకటి. కారం కలిపిన అల్లం అయితే ‘కారపు అల్లం’ కావాల. ‘కారు’కు అల్లం కలిస్తే ఉత్వసంధితో కారల్లం. కారడవి, కారుచిచ్చు, కారెనుములో ఉన్న ‘కారు’ ఇదే. అంటే అడవిది. మాట కట్టు నిఖార్సైన తెలుగు.

సంగటిముద్ద (పులివెందుల):
అన్నా, ఇద్దరూ పుస్తకం కాడనే ఆగినారు. మా జేజి గుట్టకు పోయి కలే పొదల మొదట్లో వెతికేది. ఎండకు రాళ్లు కాలుతుంటే ఆ నీడలో వేలంత లావు కాడలు, నాలుగు పలకలు, ఆకనేదే లేకుండా లేచి ఉంటాయి. విరిస్తే నీళ్లలాంటి రసం. పాలు కారితే అది జెముడు, అక్కడే పారేయమనేది. పిల్లలకు ముందు ఇది నేర్పండి, పేరు తర్వాత. జెముడు పాలు కంట్లో పడితే ఎంత బాధో నాకు తెలుసు.
అంచుల పీచు తీసి, ముక్కలు కోసి, చింతపండు నీళ్లలో ఉడకబెట్టి పిండేది. అప్పుడు చేదు దిగుతుంది. చెనక్కాయ విత్తనాలు, పచ్చిమిరపకాయలు వేయించి రోట్లో ఊరిబిండి నూరేది. మేకలు కాసేవాళ్లు పచ్చిదే నమిలి దప్పిక తీర్చుకునేవాళ్లు. ఇప్పుడు ఫింబ్రియేటా అని ఇందులో రకాన్నే ఒళ్లు తగ్గే మాత్రలుగా అమ్ముతున్నారు. డబ్బా మీద మన పేరు లేదు. నాకు మండేది అక్కడ.
అల్లం సంగతి అంటారా, అంగట్లో ఏమని అడుగుతాం? అల్లం కొమ్ము, పసుపు కొమ్ము. వేళ్లు చాచినట్టు చీలి చీలి పోయేదాన్ని మనవాళ్లు కొమ్మే అన్నారు. కుందేటి కొమ్మూ అట్లనే చీలుతుంది. అడవిలో దొరికే అల్లం కొమ్ము లాంటిది కాబట్టి కారల్లం అనింటారు. ఘాటు కోసం వెతికితే దొరకదు, రూపం చూడండి.

ఎర్రమల:
అక్కా, ఆ ‘కొమ్ము’ సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నా. కాకపోతే మా ఊర్లో కొమ్ములంటే కాడలు కాదు, కాయలు. పువ్వు రాలినాక జంటగా, సన్నగా, నిక్కబొడుచుకొని వస్తాయే, అవి. పగిలితే దూది తోక ఉన్న గింజలు గాలికి పోతాయి. లేనిదాన్ని కుందేటి కొమ్ము అనే జనమే ఈ చెట్టుకు ఆ పేరు పెట్టినారంటే ఆ కాయలు చూసే పెట్టింటారు.
అరబ్బీ మాట మీద నా పట్టు వదులుతున్నా. ‘కారల్లం’ మన సీమలో ఎవరైనా అంటారా అనేదే ఇంకా తేలలేదు. నేనైతే వినలేదు.

గుట్టదారి:
నేనూ వినలేదు తమ్ముడూ. రాక్స్‌బర్గ్ పనిచేసింది సామర్లకోటలో, ఆయన చెవిన పడింది అటు తెలుగు. ఆ వైపు వాళ్లెవరైనా చదువుతుంటే ఇంట్లో పెద్దోళ్లకు ఈ కాడ చూపించి ఏమంటారో అడిగి రాయండి. ఈలోపు ప్రదర్శన వాళ్లకు నేను కొత్త అట్ట రాసిస్తా. పైన కుందేటి కొమ్ములు, కింద కారల్లుమా, దాని కింద ‘తెలుగు కారల్లం నుంచి’.

సంగటిముద్ద:
పాలు కారితే తినొద్దని కూడా రాయన్నా, పెద్దక్షరాల్లో.