అప్‌డేట్: కొత్త ఈ-రీడర్ తెరపై పాత పేజీ నీడలు పోయాయి

ఈ-పుస్తకాలు చదువుకునే నా కొత్త ఈ-రీడర్‌లో పేజీ తిప్పినా పాత అక్షరాలు నీడలా మిగులుతున్నాయని, చదువుతుంటే కళ్లు లాగుతున్నాయని గత నెల అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

ప్రతి పేజీకీ పూర్తి రిఫ్రెష్ (తెర మొత్తం చెరిపి మళ్లీ గీయడం) పెట్టమన్న సలహాతో నీడలు పోయాయి. ఈ-ఇంక్ తెరలో నల్లని, తెల్లని రేణువులు కదిలి అక్షరాలవుతాయి. మారిన చోట్లనే మళ్లీ గీసే పాక్షిక రిఫ్రెష్‌లో పాత ఆనవాళ్లు కొంత మిగిలిపోతాయట. పేజీ తిప్పినప్పుడల్లా తెర ఒక్క క్షణం నల్లబడటం మొదట చికాకు పెట్టింది, రెండు రోజుల్లో అలవాటైంది.

కళ్ల బాధకు కారణం మాత్రం మా గదే. బెంగళూరులో మా వీధి చెట్ల నీడకు ఇంట్లో పగలే మసక. కాగితంలాంటి తెర కదా అని రీడర్‌లోని తెర దీపం పూర్తిగా ఆపేశాను! ఇప్పుడు కొద్దిగా పెంచి, అక్షరాల మందం ఒక మెట్టు ఎక్కించాను. తెలుగు వత్తులు ఎంత చక్కగా కనిపిస్తున్నాయో! దుకాణంలో చూపిస్తే తెరలో లోపమేమీ లేదన్నారు. మెరుపు తగ్గించే పొర కొనడం అనవసరమే అయింది.