బోరు మోటారు ఎన్నేళ్లు వస్తుంది? ఏటా పైకి తీయించాలా?

ప్రశ్న (మియాపూర్):
400 అడుగుల బోరు, 340 దగ్గర 1.5 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ (నీళ్లలో మునిగి నడిచే) మోటారు. ఆరేళ్లయింది, నీళ్లు బాగానే పోస్తోంది. ఎండాకాలం లోపు పైకి తీసి సర్వీసింగ్ చేయిద్దామంటున్నాడు మెకానిక్. అవసరమా అండీ?

జవాబు (ఉప్పల్):
బాగా పోసే మోటారును కదపకండి. తీసి దింపేటప్పుడే కేబుల్ కేసింగ్ పైపుకు గీసుకుపోతుంది, జాయింట్ దెబ్బతింటుంది. ఇసుక రాకపోతే, నీళ్లు లేకుండా తిరగకపోతే 8–10 ఏళ్లు వస్తుంది. మే నెలలో వట్టి బోరులో తిప్పితే మూడేళ్లకే వైండింగ్ (లోపలి రాగి తీగ చుట్టలు) కాలి, మళ్లీ చుట్టించాల్సి వస్తుంది.

స్టార్టర్ డబ్బా మీది ఆంపియర్ మీటరు చూడటం అలవాటు చేసుకోండి. నిండుగా పోస్తున్నప్పుడు ముల్లు ఎంత మీద ఉందో, అప్పటి వోల్టేజీ ఎంతో డబ్బా తలుపు లోపల రాసిపెట్టండి. నేమ్‌ప్లేటు మీది ఆంప్స్ దాటకూడదు. దాటిందంటే వోల్టేజీ పడిపోయిందనో, బేరింగ్ పట్టేస్తోందనో, ఇంపెల్లర్లలో (నీళ్లను పైకి నెట్టే చక్రాల్లో) ఇసుక చేరిందనో అర్థం. ముల్లు కిందికి జారి ఊగుతూ, పైపు గాలి తన్నుతుంటే బోరులో నీళ్లు అయిపోయినట్టే, వెంటనే ఆపేయాలి.

జవాబు (కూకట్‌పల్లి):
ఆంప్స్ ఎక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఉందిగా అని ధీమాగా ఉండొద్దు. నీళ్లు లేనప్పుడు ఆంప్స్ తగ్గుతాయి, అందుకే అది ట్రిప్ కాదు. ఈ మోటారు చల్లబడేది చుట్టూ పారే నీటితోనే. నీళ్లు లేకపోతే మోటారును ఆపేసే డ్రై రన్ ప్రివెంటర్ వేరేగా పెట్టించండి.

మన రాతి నేలలో పగుళ్ల నుంచి నీరు మెల్లగా ఊరుతుంది. ఎండాకాలంలో గేట్ వాల్వ్ కాస్త తిప్పి ధార తగ్గించండి, పూర్తిగా మాత్రం మూయొద్దు. లేదా టైమర్‌తో 20 నిమిషాలు నడిపి గంట ఆపండి. ఊట ఎంతుందో చూసి ఈ లెక్క మార్చుకోవాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్స్ అండీ. ఒక్కోసారి స్విచ్ వేస్తే గుయ్‌మని మోగి ట్రిప్ అవుతోంది. వైండింగ్ పోతోందా?

జవాబు (ఉప్పల్):
ముందు కెపాసిటర్ (మోటారు ఎత్తుకోవడానికి తోడ్పడే, ప్యానెల్ డబ్బాలోని భాగం) అనుమానించాలి, అది చవక. ఉబ్బినా, నూనె కారినా మార్చేయండి. మెయిన్ ఆపి, కెపాసిటర్‌లో మిగిలిన చార్జిని బల్బు బిగించిన హోల్డర్ తీగలు తాకించి దించాకే చెయ్యి పెట్టాలి. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్‌లుందో అంతే వేయాలి. స్టార్టింగ్‌ది, రన్నింగ్‌ది వేరువేరు, తారుమారు కాకూడదు.

అయినా ఎత్తుకోకపోతే ప్యానెల్ దగ్గర మూడు తీగలూ విప్పించి, ఒక్కోదానికీ ఎర్త్‌కూ మధ్య 500 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టించండి. 1 మెగోమ్ కంటే తక్కువ వస్తే కేబుల్ జాయింటో, వైండింగో తడిసింది. మోటారు పైకి తీయాల్సింది అప్పుడు.

జవాబు (కూకట్‌పల్లి):
తీసినప్పుడు ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి జారకుండా ఆపే వాల్వ్), నైలాన్ తాడు కూడా చూడండి. వాటర్ ఫిల్డ్ (లోపల నీళ్లు నింపే రకం) మోటారైతే దింపే ముందు గాలి బుడగ మిగలకుండా శుభ్రమైన నీళ్లతో నింపించాలి. హడావుడిలో మెకానిక్‌లు వదిలేసేది ఇదే, దగ్గరుండి పోయించండి.