పీహెచ్‌డీకి గైడ్‌ని ఎంచుకోవడం ఎలా? లెక్చరర్ల ప్రొఫైళ్లు చూస్తుంటే అయోమయంగా ఉంది

కోనసీమ అమ్మాయి:
అందరికీ నమస్కారం అండి. మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. ఈ ఏడే ఎమ్మెస్సీ బోటనీ పూర్తయింది. నాన్నగారికి రెండెకరాల కొబ్బరి తోట ఉంది. తెల్లదోమ పట్టిన దగ్గర్నుంచి ఆకుల అడుగున తెల్లటి సుళ్లు, కింది మట్టల మీద పొయ్యి మసి పూసినట్టు నలుపు. వేలితో రుద్దితే పొరలా ఊడొస్తోంది. ఆ నలుపు పట్టిన ఆకు ఎంత నష్టపోతోందో తేల్చాలని నా కోరిక.

పెథాలజీ (మొక్కల తెగుళ్ల శాస్త్రం)లో చేద్దామని, గైడ్ కోసం మూడు యూనివర్సిటీల సైట్లు చూశాను. ఒకరి ప్రొఫైల్లో పెథాలజీ, టాక్సానమీ, బయోటెక్నాలజీ, పర్యావరణం అన్నీ ఉన్నాయి. ఇంకొకరికి పెథాలజీ అని ఉంది గానీ క్లాసులు చెప్పేది జెనెటిక్స్. ఎవరిని అడగాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

బోటనీ మాస్టారు, భీమవరం:
అమ్మా, క్లాసుల సంగతి చూసి కంగారుపడకు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి వారానికి 16 గంటల బోధన ఉంటుంది. డిపార్ట్‌మెంట్‌లో ఏ పేపరుకి మనిషి లేకపోతే అది చెప్పాల్సిందే. నేను పీహెచ్‌డీ చేసింది నాచు మొక్కల మీద, ఇరవై ఏళ్లుగా చెబుతున్నది ఎక్కువగా జెనెటిక్సే. ఎవరు ఏం చెబుతున్నారన్నది కాదు, ఏం చేశారన్నది చూడు. శోధ్‌గంగ అని, మన యూనివర్సిటీల పీహెచ్‌డీ థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్ ఉంది, అందులో గైడ్ పేరు కొడితే వాళ్ల దగ్గర పూర్తయిన థీసిస్‌లు వస్తాయి. ప్రొఫైల్లో నాలుగు సబ్జెక్టులున్నా, థీసిస్‌లన్నీ ఔషధ మొక్కల మీదే ఉంటే ఆయన పని అదే.

అంతకన్నా ముందు ఇంకో మాట. నువ్వు పెథాలజీ అంటున్నావు గానీ, ఆ నల్ల బూజు ఆకు లోపలికి దిగదు. దోమ విసర్జించే తియ్యటి జిగట మీద పెరుగుతుంది. ఆకుకి వెలుతురు అందకుండా కప్పేస్తుంది, అంతే. ఆకు నష్టం కొలవాలంటే కిరణజన్య సంయోగక్రియ మీద పనిచేసిన ఫిజియాలజీ వాళ్లు కావాలి. బూజు ఏ జాతో తేల్చాలంటే శిలీంధ్రాల వాళ్లు. దోమ సంగతైతే జువాలజీ వైపు వెళ్లాలి. నీ ప్రశ్న ఏదో తేలితే గైడ్ ఎవరో సగం తేలినట్టే.

గోదారి గట్టు:
మాస్టారు చెప్పినవన్నీ నిజం. నేను ఒకటి కలుపుతాను చెల్లీ, రిటైర్మెంట్ తేదీ తప్పకుండా కనుక్కో. నేను చేరిన రెండో ఏడే మా సార్ రిటైరయ్యారు. చాలా మంచి మనిషి, ఆయన తప్పేం లేదు. కానీ కొత్త గైడ్‌కి నా టాపిక్ కొత్త. సినాప్సిస్ (పరిశోధన ప్రణాళిక) మళ్లీ రాసి, ల్యాబ్ మారి, ఏడాదిన్నర పోయింది. 2022 యూజీసీ నిబంధనల ప్రకారం సర్వీసు మూడేళ్ల కంటే తక్కువ మిగిలినవాళ్లు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఖాళీలు కూడా అడుగు. ప్రొఫెసర్‌కి ఒకేసారి ఎనిమిది మంది స్కాలర్లు, అసోసియేట్‌కి ఆరుగురు, అసిస్టెంట్‌కి నలుగురు, మామూలుగా అంతకు మించి కుదరదు. వాళ్ల దగ్గరున్న స్కాలర్లతో ఒక్కసారి టీ తాగు. సార్ చాప్టర్ చదివి ఎన్నాళ్లకి తిరిగిస్తారో వాళ్లే చెబుతారు.

కోనసీమ అమ్మాయి:
చాలా థాంక్స్ మాస్టారూ, అక్కా. నాకు కావాల్సింది ఫిజియాలజీ అని ఇప్పుడే అర్థమైంది. రాత్రి శోధ్‌గంగలో వెతికితే ఆకు పచ్చదనం కొలిచిన థీసిస్‌లు రెండు దొరికాయి. రెండింటికీ గైడ్ ఒక్కరే. ఆ మేడమ్‌కి మెయిల్ రాస్తున్నాను. మట్ట ముక్క కూడా పట్టుకెళ్లనా?

బోటనీ మాస్టారు, భీమవరం:
తప్పకుండా పట్టుకెళ్లమ్మా. నలుపు పట్టిన ఆకు ఒకటి, అదే చెట్టుది శుభ్రంగా ఉన్నది ఒకటి. మీ అంబాజీపేటలోని ఉద్యాన పరిశోధన కేంద్రానికి కూడా ఓసారి వెళ్లిరా, తెల్లదోమ మీద అక్కడ పని జరుగుతోంది. ఆకుల్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టకు, చెమ్మ పట్టి వేరే బూజు లేస్తుంది. పాత న్యూస్‌పేపర్లో చుట్టు.