ప్రింట్ షాపులో గంట మోగాక... (ఔట్‌ల్యాండర్ మూడో సీజన్, ఆరో ఎపిసోడ్)

చలిమంట:
మొదటిసారి చూస్తున్నాను, ముందు జరిగేవి దయచేసి చెప్పకండి. నిన్న రాత్రి పదకొండున్నరకి "ఒక్కటి చూసి పడుకుందాం" అని పెట్టాను. అది కాస్తా గంటంబావు ఎపిసోడ్. తర్వాత నిద్ర ఎలాగూ పట్టలేదు.

తెలీనివాళ్లకి ఒక్క ముక్క: ఇదో టీవీ సీరియల్. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషామె క్లెయిర్ మాయ రాళ్లలోంచి పద్దెనిమిదో శతాబ్దపు స్కాట్లాండ్‌లోకి వెళ్లి జేమీని పెళ్లాడుతుంది, తర్వాత విడిపోయి తన కాలానికి వచ్చేస్తుంది, ఇప్పుడు మళ్లీ అతన్ని వెతుక్కుంటూ వెళ్లింది. అయిదో ఎపిసోడ్ చివర క్లెయిర్ జేమీ ప్రింట్ షాపు తలుపు తోసుకుని లోపలికెళ్లడం, జేమీ వెనక్కి తిరిగి చూసి దబ్బున పడిపోవడం అయిపోయాయి కదా. ఇందులో అదే రోజు మళ్లీ జేమీ వైపు నుంచి మొదలవుతుంది. పొద్దున్నే షాపు తెరవడం, పని, చిరాకులు. వాడికి ఏమీ తెలీదు, మనకి తెలుసు. ఆ తలుపు గంట ఎప్పుడు మోగుతుందా అని పది నిమిషాలు దుప్పటి అంచు నలుపుతూ కూర్చున్నాను.

కలిశాక కౌగిలింతలు, ఏడుపులు, వెనకాల వయొలిన్లు ఉంటాయనుకున్నా. తీరా చూస్తే ఇద్దరూ పెళ్లిచూపులకి వచ్చినవాళ్లలా తడబడుతున్నారు. ముద్దు పెట్టుకోవచ్చా అని అడుగుతాడు! ఒకప్పుడు మొగుడూ పెళ్లాలుగా బతికినవాళ్లు, 20 ఏళ్లకి ఒకళ్లకొకళ్లు పరాయివాళ్లయిపోయారు. నాకు గుండె కలుక్కుమన్నది అక్కడే.

ఒక్క కంప్లయింట్: కిల్ట్ (స్కాట్లాండ్ మగవాళ్లు కట్టే గళ్ల లంగా) ఏదండీ? మొత్తం మామూలు ప్యాంటులోనే తిరుగుతున్నాడు.

202_ఏళ్లు:
కిల్ట్ కట్టుకుంటే జైలే అక్కా. 1746 ఏప్రిల్ 16న కలోడెన్ యుద్ధంలో జాకోబైట్లు (పాత స్టూవర్ట్ రాజవంశం కోసం తిరగబడ్డవాళ్లు, కథలో జేమీ కూడా వాళ్లలోవాడే) ఓడిపోయారు. అదే ఏడాది బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి స్కాట్లాండ్‌లో మగవాళ్లు కిల్ట్ లాంటి హైలాండ్ (అక్కడి కొండప్రాంతం) బట్టలు వేసుకోకూడదంది. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారికి ఏడేళ్లు దేశం దాటించడం. సైన్యంలో ఉన్నవాళ్లకి మాత్రం మినహాయింపు. 1782 దాకా రద్దు చెయ్యలేదు. ఇప్పుడు కథ 1766లో నడుస్తోంది. కాబట్టి మీకు నచ్చని ఆ ప్యాంటు కాస్ట్యూమ్ వాళ్ల బద్ధకం కాదు, ఓడినవాడి యూనిఫాం.

ఇంకోటి, నా పేరు చూసి అందరూ అడుగుతారు. క్లెయిర్ రాళ్లు దాటింది 1945 నుంచి 1743కి, 1746 నుంచి 1948కి, 1968 నుంచి 1766కి. ఎప్పుడు దాటినా తేడా 202 ఏళ్లే. అటు ఎన్నేళ్లు గడిస్తే ఇటూ అన్నేళ్లే గడుస్తాయి. వీళ్లిద్దరి 20 ఏళ్లు నిజంగానే పోయాయి, రాళ్లు తిరిగివ్వవు.

చలిమంట:
"ఓడినవాడి యూనిఫాం"... ఇప్పుడు మళ్లీ చూడాలి నేను.

ప్రెస్సుబాబాయ్:
అమ్మాయ్, నేను వయసైపోయినవాణ్ణి. ఈ సీరియల్ మా కోడలు పెడితే చూడ్డం మొదలుపెట్టాను. ప్రేమ సంగతి మీరు చూసుకోండి, నేను మెషిన్ చూశాను. ఇరవై రెండేళ్లు లెటర్ ప్రెస్‌లో కంపోజింగ్ చేశాను. అక్షరాలు అద్దంలో కనిపించినట్టు తిరగబడి ఉంటాయి, అలా తిరగేసి చదవడం అలవాటైపోతుంది. ఆ కాలపు చెక్క ప్రెస్సుకి రోలర్ ఉండదు. తోలు ముద్దలకి సిరా పట్టించి అక్షరాల మీద అద్దాలి. కాగితం ముందురోజే తడిపి పెట్టుకోవాలి, పొడి కాగితం సిరాని సరిగ్గా పీల్చదు. అచ్చయ్యాక తాళ్ల మీద ఆరేస్తారు. ఆ తాళ్లూ కాగితాలూ చూడగానే నాకు సిరా వాసన కొట్టింది.

కత్తి పట్టిన మనిషి చేత ప్రభుత్వానికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చేయించడం బాగుంది. పనివాడు జార్డీ లోపలికొచ్చి, యజమాని ప్యాంటు లేకుండా, పక్కన ఆడమనిషి ఉండడం చూసి అక్కడికక్కడే పని మానేసి పోతాడే, అది చూసి కడుపుబ్బా నవ్వాను. పనివాళ్లు మానెయ్యడానికి సాకు వెతుక్కోవడం ఏ కాలంలోనైనా ఒకటే.

ముక్కుసూటి:
అందరూ పొగుడుతున్నారు కాబట్టి నేను తిడతాను. కన్నకూతుర్ని వదిలి, మళ్లీ చూస్తానో లేదో తెలియకుండా రాళ్లలోంచి దూకేస్తుందా తల్లి? బ్రియానా పెద్దదే, వెళ్లమన్నదీ తనే, ఒప్పుకుంటాను. అయినా నాకు మింగుడు పడలేదు.

వానకోటు:
నేనూ మొదట అలాగే అనుకున్నానండి. క్లెయిర్ కూతురి ఫొటోలు చూపించే సీన్ దగ్గర మారాను. జేమీ తనకి పుట్టిన కూతుర్ని చూడనే లేదు. మొట్టమొదటి ఫొటో అనేది 1820ల్లో గానీ రాలేదు. 1766 మనిషి చేతిలో ఉన్నట్టుండి కూతురి మొహం, పసిపాపగా, పిల్లగా, పెద్దదిగా. బొమ్మ గీసింది ఎవరు అని కూడా అడగలేని పరిస్థితి. ఏడుస్తాడు, అంతలోనే బికినీ ఫొటో చూసి తండ్రి బుద్ధి బయటపడుతుంది. నేను ఏడుస్తూ నవ్వాను, పక్కింటికి వినపడేలా. తల్లి కూతుర్ని వదిలి రాలేదు, తండ్రి దగ్గరికి మోసుకొచ్చింది అనిపించింది నాకు.

(నా పేరు కూడా అందుకే. వానకోట్లు కత్తిరించి, రహస్య జేబులు పెట్టి క్లెయిర్ కుట్టుకున్న ఆ డ్రెస్సు మీద నాకు పిచ్చి.)

ముక్కుసూటి:
"మోసుకొచ్చింది" అన్నారు చూడండి, సగం ఒప్పుకున్నాను. సగమే.

దారితప్పినవాడు:
ఎడిన్‌బరోలో కొన్నాళ్లు ఉన్నాను. ఆ షాపు బయటి సీన్లు తీసింది రాయల్ మైల్ పక్కన బేక్‌హౌస్ క్లోజ్‌లో. పెద్ద వీధి నుంచి ఒక కమాను కింద దూరితే రాతి సందు, ఓ పక్క మెట్లు. కథలో దాని పేరు కార్ఫాక్స్ క్లోజ్. నేను వెళ్లిన రోజు సన్నగా వాన. మెట్ల దగ్గర ఒకామె గొడుగు మడిచి, గాలిలో తలుపు తోస్తున్నట్టు పోజు పెట్టి వాళ్లాయన చేత ఫొటో తీయించుకుంటోంది. తలుపు మాత్రం మామూలు తలుపు, బోర్డు లేదు, గంట లేదు. నా వంతు వచ్చాక నేనూ అదే పోజు పెట్టాను, ఎందుకు దాచాలి.

కలోడెన్ మైదానం అలా కాదు. గాలి, తుప్పలు, వంశాల పేర్లు చెక్కిన రాళ్లు. ఆ రాళ్లు పెట్టింది 1881లో. యుద్ధం గంట కూడా జరగలేదని అక్కడే తెలిసింది. ఫ్రేజర్ల (కథలో జేమీ వంశం) రాయి దగ్గర జనం ఎక్కువ, చాలామంది జేమీ కోసం వచ్చినవాళ్లే. జేమీ కల్పన, కింద ఉన్నవాళ్లు నిజం. నేను ఫొటో తీయకుండా వచ్చేశాను.

చలిమంట:
ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు.

అన్నట్టు, జేమీ క్లెయిర్‌ని పిలిచే "సాసెనాక్" అంటే అసలు అర్థం ఏంటి? ముద్దుపేరనే అనుకున్నా ఇన్నాళ్లూ.

202_ఏళ్లు:
గేలిక్ (స్కాట్లాండ్ హైలాండ్ భాష) మాట. ఇంగ్లీషువాళ్లని కాస్త తక్కువ చేసి అనేది. మొదట్లో కోటలో అందరూ తిట్టుగానే అంటారు. జేమీ నోట్లో పడి తీపెక్కింది.

ప్రెస్సుబాబాయ్:
మన తెలుగులో అయితే "దొరసానీ" అనాలి. సగం వెటకారం, సగం మర్యాద.

వానకోటు:
బాబాయ్ గారూ, ఇక నేను సబ్‌టైటిల్ చూసిన ప్రతిసారీ "దొరసానీ" అనే వినపడుతుంది.

దారితప్పినవాడు:
చలిమంట గారూ, క్లెయిర్ తెచ్చుకున్న పెన్సిలిన్ సూదులు గుర్తుపెట్టుకోండి, ఎనిమిదో ఎపి...

202_ఏళ్లు:
నోరు ముయ్యి బ్రో! మొదటి వాక్యంలోనే చెప్పొద్దని అడిగింది ఆవిడ.

చలిమంట:
చదివేశాను. ఇప్పుడు ఎవరికి ఏమవుతుందా అని టెన్షన్. రేపు ఆఫీసుకి సెలవు పెట్టేస్తున్నా, ఆ పాపం మీదే.