‘24’ హిందీ రూపం: గడియారం వచ్చింది, పోలింగు రాలేదు. ఇది లోపమా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి ఒక ప్రేక్షకురాలు)

అనంతపురం నుంచి వచ్చిన మా అత్తయ్యగారు మూడు నెలలుగా మా దగ్గరే ఉంటున్నారు. ఆమెకు హిందీ బాగానే అర్థమవుతుంది కనుక, 2013లో కలర్స్ ఛానల్‌లో వచ్చిన ‘24’ మొదటి సీజన్‌ను ఇద్దరం కలిసి రాత్రిపూట చూస్తున్నాం. అనిల్ కపూర్ పోషించిన జై సింగ్ రాథోడ్, ఉగ్రవాద నిరోధక విభాగంలో అధికారి. ప్రధాని కాబోతున్న ఆదిత్య సింఘానియాను చంపడానికి కుట్ర జరుగుతోందని అతనికి తెలుస్తుంది. ఒక్క రోజులో జరిగే కథను ఇరవై నాలుగు ఎపిసోడ్లలో, గంటకు ఒక ఎపిసోడ్ చొప్పున చెప్పారు.

రెండో రాత్రి అత్తయ్యగారు నన్నొక మాట అడిగారు. “కథంతా ఈ ఒక్క రోజులోనే జరగాలని ఎందుకమ్మా? రేపయితే ఏమవుతుంది?” నాకు వెంటనే జవాబు తోచలేదు. తర్వాత 2001 నాటి అమెరికన్ మూలాన్ని కూడా చూడడం మొదలుపెట్టాను. అక్కడ ఆ రోజు కాలిఫోర్నియాలో ప్రైమరీ ఎన్నిక (పార్టీ తరఫు అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక) జరుగుతోంది, సెనేటర్ డేవిడ్ పామర్ అభ్యర్థి. ఉదయం పోలింగు మొదలవుతుంది, రాత్రికి ఫలితం తెలుస్తుంది, కాబట్టి ఆ రోజుకు దానిదైన మొదలూ తుదీ ఉన్నాయి. హిందీ రూపంలో గడియారం ఉంది గానీ, దాని వెనుక ఉండవలసిన పోలింగు లేదు. దీనివల్ల కథ బలహీనపడిందని మీరు భావిస్తున్నారా? మా అపార్ట్‌మెంట్‌లో పది కుటుంబాల వాళ్లం శనివారాల్లో కలిసి చూడాలనుకుంటున్నాం. మూలాన్ని చూపించాలో, హిందీ రూపాన్ని చూపించాలో కూడా దయచేసి చెప్పండి. కథ మలుపులు మాత్రం బయటపెట్టవద్దని మనవి.

సమాధానం 1 (మల్లేశ్వరం, రాజనీతిశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవారు)

మీ అత్తయ్యగారు అడిగినది చాలా మంచి ప్రశ్న, ఈ అనుసరణలోని అసలు చిక్కు అందులోనే ఉంది. అమెరికాలో పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చడానికి చాలా రాష్ట్రాల్లో సాధారణ ఓటర్లే ప్రైమరీలో ఓటు వేస్తారు. మనకు అలాంటి ఏర్పాటే లేదు. రాజ్యాంగం 75వ అధికరణం ప్రకారం ప్రధానిని రాష్ట్రపతి నియమిస్తారు, ఆ వ్యక్తికి లోక్‌సభలో మెజారిటీ ఉండాలి, ఆ మెజారిటీకి నాయకుడెవరన్నది ఎంపీలూ, పార్టీ పెద్దలూ తేల్చుకుంటారు. కాబట్టి మూలంలోని ప్రైమరీని పేరు మార్చి ఇక్కడ పెట్టడం సాధ్యమయ్యే పని కాదు. పెట్టి ఉంటే మొదటి పది నిమిషాల్లోనే మన ప్రేక్షకుడు నమ్మకం కోల్పోయేవాడు.

అయితే పోయినదాన్ని మాత్రమే లెక్కపెట్టడం న్యాయం కాదని నా అభిప్రాయం. మూలంలో పామర్ నల్లజాతి నాయకుడు, అధ్యక్షుడయ్యే అవకాశం నిజంగా ఉన్నవాడు. అందుకే అతని ప్రాణానికి ముప్పు అనగానే అమెరికన్ ప్రేక్షకుడికి తన దేశ చరిత్ర గుర్తుకు వస్తుంది. ఆ బరువును హిందీలోకి అలాగే తీసుకురాలేరు కనుక, రచయితలు దాని స్థానంలో రాజకీయ కుటుంబాన్ని పెట్టారు. ఆదిత్య పక్కన అతని తల్లి నైనా సింఘానియా ఉంటుంది, ఆ పాత్రను అనితా రాజ్ పోషించారు. ఇంటి మాట, పార్టీ మాట ఒకే గదిలో కలిసిపోతాయి. 1984 అక్టోబర్ 31న తల్లి హత్యకు గురైన రోజే కొడుకు ప్రధానిగా ప్రమాణం చేయడాన్ని చూసిన దేశం మనది. ఆ కొడుకే 1991 మే 21న ఎన్నికల ప్రచారంలో ఉండగా, చెన్నైకి దగ్గరలోని శ్రీపెరంబుదూరులో హత్యకు గురయ్యారు. ఆ రాత్రి రేడియో ముందు కూర్చున్న వాళ్లలో నేనూ ఒకణ్ణి. ప్రధాని కాబోయే యువకుడికి ప్రాణగండం ఉందని తెరమీద చెప్పినప్పుడు, మా తరం వారికి వేరే వివరణ అవసరం లేదు. పోలింగు ఇవ్వవలసిన ఒత్తిడిలో చాలా భాగాన్ని ఆ జ్ఞాపకమే ఇస్తుంది. మీ అత్తయ్యగారిని ఆ రోజు గురించి అడిగి చూడండి.

సమాధానం 2 (రాజాజీనగర్, ఎడిటింగ్ పనిలో ఉన్నవారు)

పై సమాధానంతో నేను సగమే ఏకీభవిస్తున్నాను. జ్ఞాపకం భయాన్ని కలిగిస్తుంది గానీ గడువును కలిగించదు. ఈ ధారావాహిక ప్రాణమంతా గడువులోనే ఉంది.

మూలాన్ని జోయెల్ సర్నో, రాబర్ట్ కోక్రన్ రూపొందించారు. అందులో ఒక ఎపిసోడ్ నిడివి సుమారు నలభై మూడు నిమిషాలే, మిగిలిన సమయం ప్రకటనలది. అయినా కథలోని గడియారం ప్రకటనల సమయంలో కూడా ఆగదు. విరామానికి ముందు తెరమీద కనిపించిన అంకెకూ, తిరిగి వచ్చాక కనిపించే అంకెకూ మధ్య కొన్ని నిమిషాల తేడా ఉంటుంది, పాత్రలు ఒక చోటి నుంచి మరో చోటికి చేరడం వంటివి ఆ తేడాలోనే జరిగిపోతాయి. తెరను రెండు మూడు గడులుగా విడదీసి, వేర్వేరు చోట్ల ఒకే క్షణంలో జరుగుతున్నవాటిని చూపడం కూడా అందుకే. ఎడిటింగ్ బల్ల ముందు కూర్చునే మాకు ఇది ఎంత కష్టమో తెలుసు: మామూలు కథలో “మర్నాడు ఉదయం” అని ఒక కట్‌తో దాటిపోయే వీలు ఇక్కడ లేదు. దర్శకుడు అభినయ్ దేవ్ బృందం ఈ నియమాన్ని నిజాయితీగా పాటించింది, అందుకు నేను వారిని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

ఇబ్బంది నగరం దగ్గర వస్తుంది. మూలకథ నడిచేది లాస్ ఏంజెలెస్‌లో, హిందీ కథ నడిచేది ముంబైలో. పట్టపగలు సిల్క్ బోర్డ్ కూడలి నుంచి మారతహళ్లి వరకు రోజూ ప్రయాణించే మనలాంటి వారికి, మన మహానగరాల్లో ఏడు నిమిషాల్లో ఎంత దూరం పోవచ్చో శరీరానికే తెలుసు. అర్ధరాత్రి గంటలను చూస్తున్నప్పుడు నాకు ఏ సందేహమూ రాలేదు. పగటి గంటల్లో మాత్రం రెండు మూడు ప్రయాణాలను నమ్మలేకపోయాను.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అనిల్ కపూర్ ఈ ధారావాహికకు బయటి మనిషి కాదు. 2010లో వచ్చిన అమెరికన్ ఎనిమిదో సీజన్‌లో ఒమర్ హసన్ అనే దేశాధ్యక్షుడిగా నటించి, ఆ పని పద్ధతిని దగ్గర నుంచి చూసి, ఆ తర్వాత హక్కులు తీసుకుని ఇక్కడ నిర్మించారు. వారానికి ఐదారు రోజులు సాగుతూ ఎప్పుడు ముగుస్తుందో తెలియని ధారావాహికల మధ్య, వారాంతంలో రెండు రోజులు, మొత్తం ఇరవై నాలుగు ఎపిసోడ్లు, అంతటితో ముగింపు అని ముందే నిర్ణయించుకుని రావడం అప్పటికి పెద్ద సాహసం. రెండో సీజన్ 2016లో గానీ రాలేదు.

సమాధానం 3 (బనశంకరి, న్యాయవాది)

మీ ప్రశ్న ‘24’ గురించే అయినా, అదే చిక్కును మరింత బాగా విప్పిన ఉదాహరణ ఒకటి చెప్పడం అవసరమనిపించింది. 2008లో బీబీసీలో పీటర్ మోఫాట్ రాసిన ‘క్రిమినల్ జస్టిస్’ ఐదు ఎపిసోడ్లుగా వచ్చింది. 2019లో హాట్‌స్టార్‌లో వచ్చిన హిందీ రూపం దాన్ని పది ఎపిసోడ్లుగా పెంచింది. ఇంగ్లండులో హత్యకేసును జ్యూరీ తేలుస్తుంది, న్యాయవాది ఒప్పించవలసింది పన్నెండు మంది సామాన్యులను. మన దగ్గర 1959 నాటి నానావతి కేసులో (ఒక నౌకాదళ అధికారిపై నడిచిన హత్యకేసు) బొంబాయి జ్యూరీ ఇచ్చిన నిర్ణయంతో సెషన్స్ జడ్జి ఏకీభవించక హైకోర్టుకు నివేదించారు. చివరకు 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీకి చోటే లేకుండా పోయింది. కాబట్టి హిందీ రూపంలో ఒప్పించవలసింది ఒక్క జడ్జిని. పన్నెండు ముఖాలు పోతే కోర్టు సన్నివేశం చప్పబడిపోవలసిందే. ఆ ఖాళీని పంకజ్ త్రిపాఠీ పోషించిన మాధవ్ మిశ్రా పాత్ర నింపింది. పోలీస్ స్టేషన్ల చుట్టూ చిన్న కేసుల కోసం తిరిగే అలాంటి వకీళ్లను నేను మేయో హాల్ కోర్టుల ఆవరణలో రోజూ చూస్తుంటాను, వారిని ఇంత గౌరవంగా తెరమీద చూపడం నాకు ఎంతో తృప్తినిచ్చింది. తర్వాతి హిందీ సీజన్లన్నీ ఆ పాత్ర మీదే నిలిచాయి.

‘24’లో పోలింగు స్థానంలోకి కుటుంబం వచ్చిందన్న మాట నిజమే. కానీ జై సింగ్ రాథోడ్ మాత్రం మూలంలోని కథానాయకుడు జాక్ బాయర్‌కు చాలా దగ్గరగానే ఉండిపోయాడు. మన ప్రభుత్వ కార్యాలయాల్లో ఒక అధికారి పై అనుమతి లేకుండా ఒక్క అడుగు వేస్తే ఏ కాగితం ఎక్కడి నుంచి వస్తుందో, ఆ ఒత్తిడి కథలోకి ఇంకా రావలసింది. నా దృష్టిలో లోపం అక్కడ ఉంది, పోలింగు లేకపోవడంలో కాదు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. మల్లేశ్వరం మాస్టారు చెప్పినట్టు నిన్న రాత్రి అత్తయ్యగారిని అడిగాను. 1991లో ఆ కబురు తెలిసినప్పుడు అనంతపురంలో వాళ్ల వీధంతా తెల్లవార్లూ మేలుకునే ఉందట. ఆ మాట చెప్పాక ఆమె ఆ ఎపిసోడ్‌ను మొదటి నుంచి మళ్లీ పెట్టమన్నారు.

మా శనివారాలకు ముందు హిందీ రూపాన్నే ఎంచుకున్నాం, మూలంలోని మొదటి ఎపిసోడ్‌ను ఆ తర్వాతి వారం చూపిస్తాం. ఎడిటర్ గారు చెప్పింది విన్నాక ఒక ఏర్పాటు కూడా అనుకున్నాం. తెరమీద గడియారం చూపించి విరామం ఇచ్చిన చోట మేమూ ఆపి, తిరిగి మొదలయ్యే అంకెను ముందే చూసి పెట్టుకుని, మధ్యలో ఎన్ని నిమిషాలు గడిచాయో సరిగ్గా అన్ని నిమిషాలు ఆగుతాం. టీ ఆ వ్యవధిలోనే ఇవ్వాలని అత్తయ్యగారు తీర్మానించారు.